18 నెలలన్నారు, 31 అయ్యాయి: నా క్లిప్పుల క్లినిక్ రివ్యూ

పళ్లకు వేసిన క్లిప్పులు తీసేసి ఆరు వారాలైంది. కోపం కొంచెం చల్లారింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను, ఇదే రివ్యూ పోయిన దసరాకు రాసుంటే ఒక్క స్టార్ ఇచ్చి నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. క్లినిక్ పేరు రాయను. హైదరాబాద్‌లో, మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో, కింద మెడికల్ షాపు, పైన రెండో అంతస్తులో క్లినిక్, అలాంటివి ఊరంతా ఉన్నాయి. పళ్లు బాగా వచ్చాయా అంటే వచ్చాయి, నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మానేశాను. మరి ఏడుపెందుకంటే, 18 నెలల్లో అయిపోతుందని చెప్పి 31 నెలలు చేశారు, అదైనా పర్లేదు గానీ ఎందుకు లేటవుతోందో ఏడాది దాటేదాకా ఒక్కరు కూడా కూర్చోబెట్టి చెప్పలేదు.

ముందు నా నోటి సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. మాది మునుగోడు వైపు. ఫ్లోరైడ్ ఉన్న నల్గొండ బోరు నీళ్లు తాగి పెరిగిన పళ్లు, అంటే ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలు. (నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టారు, నల్గొండ టెక్నిక్ అని. పేరైతే వచ్చింది, మా ఇంట్లో మాత్రం ఆ బోరు నీళ్లే అలాగే తాగాం.) పై పళ్లు ఎత్తు. కింద ఎడమవైపు పెద్ద దవడ పన్ను తొమ్మిదో తరగతిలో పుచ్చిపోతే పీకించేశారు, రూట్ కెనాల్ అనేది ఒకటుందని అప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఖాళీ పదిహేనేళ్లు అలాగే ఉండిపోయింది, వెనక పన్ను మెల్లగా దాని మీదికి వాలిపోయింది. 29 ఏళ్లకు, సొంత జీతం కాస్త నిలదొక్కుకున్నాక, పళ్ల సంగతి చూసుకుందామని వెళ్లాను.

మొదటి రోజు అంతా మర్యాదే. ఏసీ, మంచినీళ్ల బాటిల్, ఓపీజీ ఎక్స్‌రే (పళ్లన్నీ ఒకేసారి కనిపించేది), ఫొటోలు, పళ్ల అచ్చులు. ఓనర్ డాక్టర్ గారు ముందు ఆ ఖాళీలో ఇంప్లాంట్, అంటే ఎముకలోకి దింపే కృత్రిమ పన్ను, పెట్టేద్దాం అన్నారు. దానికి అయ్యే ఖర్చు విని వద్దన్నాను, తర్వాత తెలిసింది అదే నా అదృష్టమని, ఎందుకో కింద చెప్తాను. అప్పుడు క్లిప్పులు వేసే కుర్ర డాక్టర్ వచ్చి, వెనక జ్ఞాన దంతం బాగానే ఉంది కాబట్టి వాలిన పన్నునే ముందుకు లాగి ఖాళీ మూసేయొచ్చు, పైన రెండు పళ్లు తీసి ఎత్తు తగ్గిస్తాం, మొత్తం 18 నెలలు, 55 వేలు అన్నాడు. 15 వేలు ముందు, తర్వాత విజిట్‌కు రెండు వేలు. అంతే. నా వయసుకు, నా ఎముకకు, నా పళ్లకు ఆ 18 ఎక్కడి నుంచి వచ్చిందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పక్క కుర్చీలో ఉన్న ఇంటర్ అమ్మాయికి కూడా 18 అనే చెప్పడం నా చెవులతో విన్నాను.

మొదటి దెబ్బ ఫ్లోరైడ్ దగ్గరే తగిలింది. క్లిప్పు అంటించే ముందు పన్ను మీద యాసిడ్ జెల్ రాసి కాసేపు ఉంచి కడుగుతారు, అప్పుడు పైపొర గరుకుగా అయి గమ్ పట్టుకుంటుంది. నాలాంటి ఫ్లోరైడ్ చారల పళ్ల (ఫ్లోరోసిస్ అంటారు) పైపొర ఆ యాసిడ్‌కు తొందరగా లొంగదు. నాకు అందరికీ పెట్టినంత సేపే పెట్టి అంటించేశారు. నాలుగు నెలల్లో ఏడు క్లిప్పులు ఊడిపోయాయి. ఒకటి సకినం కొరికి ఊడింది, అది నా తప్పే ఒప్పుకుంటాను, సంక్రాంతికి ఆగలేకపోయాను. మరొకటి ఇడ్లీ తింటుంటే ఊడింది, ఇడ్లీకి! ఊడిన ప్రతిదానికీ 300 రూపాయలు. పైగా క్లిప్పు ఊడితే ఆ పన్ను మళ్లీ వెళ్లేదాకా ఖాళీగా కూర్చుంటుంది, కొన్నిసార్లు పాత జాగాకు కాస్త జరుగుతుంది కూడా, అప్పుడు క్లిప్పుల్ని కలిపే లావు వైరు తీసేసి మళ్లీ సన్న వైరు నుంచి మొదలు. నల్గొండ నుంచి వచ్చానని మొదటి రోజే ఫారంలో రాశాను, పళ్లు చూస్తేనే తెలుస్తుంది, అయినా ఎవరూ పట్టించుకోలేదు.

అయినా మొదటి మూడు నెలలు సంతోషంగానే గడిచాయి, ఎందుకంటే ముందు పళ్లు రోజురోజుకూ వరసలోకి వస్తుంటే అద్దంలో కళ్లారా కనిపిస్తుంది. ఇక్కడే అందరం మోసపోతాం. ఆ దశలో పన్ను తల మాత్రమే వంగుతుంది, సన్న వైరుకు అది తేలిక పని. వేరుతో సహా పన్ను మొత్తాన్ని వంగకుండా జరపడం అనే అసలు కష్టం తర్వాత మొదలవుతుంది, అది అద్దంలో కనపడదు. మనకేమో మొదట్లో పరిగెత్తింది ఇప్పుడు ఆగిపోయిందనిపిస్తుంది.

నాకు అదే జరిగింది. పై ఖాళీలు మెల్లగా మూసుకుంటున్నాయి, కింద ఎడమ ఖాళీ మాత్రం కదలడం లేదు. నేను అగ్గిపుల్లలతో కొలిచేదాన్ని. నవ్వకండి, బాత్‌రూమ్ అద్దం ముందు నోరు తెరిచి, పుల్లలు పక్కపక్కన పేర్చి చూస్తే మూడు పట్టేవి. ఐదు నెలల తర్వాత కొలిస్తే నాలుగు పట్టాయి. ఖాళీ తగ్గాల్సింది పోయి పెరిగింది! ఆ రోజు రిసెప్షన్‌లో గొడవ పెట్టుకున్నాను. కుర్ర డాక్టర్ చూసి "నార్మలే మేడమ్" అన్నాడు. ఆ నార్మలే అన్న మాట ఆ ఏడాదిలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. తర్వాత ఒక నెల వెళ్తే ఆయన లేడు, మానేశాడట. నాకు ఫోన్ కూడా రాలేదు, కుర్చీలో పడుకుని నోరు తెరిచాక తెలిసింది.

ఇక్కడి నుంచి రివ్యూ మారుతుంది. ఆయన స్థానంలో ఆర్థోడాంటిస్ట్ మేడమ్ ఒకరు వచ్చారు, నెలకు రెండు శనివారాలు. బీడీఎస్ అయ్యాక మూడేళ్లు క్లిప్పుల మీదే ఎండీఎస్ చదివినవాళ్లను ఆర్థోడాంటిస్ట్ అంటారు. అంతకుముందు నాకు చేసిన కుర్రాడు అది చదివాడో లేదో నేను కనుక్కోలేదు, మీరు మాత్రం కనుక్కోండి. మేడమ్ మొదటి రోజు వైరు ముట్టుకోలేదు. అద్దం పుల్ల తిరగేసి, దాని వెనక భాగంతో దవడ పళ్లను ఒక్కొక్కటే తట్టి వింది. తర్వాత కొత్త ఎక్స్‌రే తీయించి స్క్రీన్ నా వైపు తిప్పి, "చూడమ్మా, ఇప్పటిదాకా ఎవరైనా చెప్పారా నీకు ఇది?" అని అడిగింది. లేదన్నాను. పదిహేను నిమిషాలు మాట్లాడింది. 55 వేలలో నాకు బాగా గిట్టుబాటైంది ఆ పదిహేను నిమిషాలే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పన్ను ఎముకలో సిమెంట్ చేసినట్టు ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య పావు మిల్లీమీటరు కూడా లేని సందులో సన్నని నారల పొర ఒకటి ఉంటుంది, పన్ను దాంట్లో ఊయలలో ఉన్నట్టు వేలాడుతుంది. వైరు ఒకవైపు మెల్లగా నొక్కితే ఆ వైపు ఎముకను శరీరమే తినేస్తుంది, వెనక వదిలేసిన వైపు కొత్త ఎముక పోస్తుంది. ముందు తవ్వుకుంటూ వెనక పూడ్చుకుంటూ పోవడం. వైరు పని నెట్టడం మాత్రమే, తవ్వేదీ పూడ్చేదీ మన ఒళ్లే, దాని వేగం దానిది. అన్నీ కుదిరితే నెలకు ఒక మిల్లీమీటరు దాకా.

మరి గట్టిగా లాగితే తొందరగా రాదా అని అడిగాను, అందరం అడిగేదే. ప్రతిసారీ "ఇంకొంచెం టైట్ చేయండి, నొప్పి పర్లేదు" అని కుర్ర డాక్టర్‌ను బతిమాలింది నేనే, ఆయన చేసేవాడు కూడా. మేడమ్ తల కొట్టుకుంది. మరీ గట్టిగా నొక్కితే ఆ నారల పొర నలిగి అక్కడికి రక్తం పోవడం ఆగిపోతుంది, అక్కడి కణాలే చచ్చిపోతాయి. అప్పుడు పన్ను వారాల తరబడి నిలబడిపోతుంది, శరీరం పక్క నుంచీ వెనక నుంచీ తొలుచుకుంటూ వచ్చి ఆ చచ్చిన భాగాన్ని శుభ్రం చేశాకే మళ్లీ కదులుతుంది. వేరు కొస అరిగిపోయే ప్రమాదం కూడా ఉంటుంది. అంటే నొప్పి ఎక్కువుంటే పని ఎక్కువ జరుగుతోందని నేను మురిసిపోయిన నెలల్లో నా పన్ను బహుశా కదలకుండా కూర్చుంది.

ఇక నా కింద దవడ. పై దవడ ఎముక కాస్త గుల్లగా ఉంటుంది, కింద దవడ వెనక భాగం గట్టిది, అందుకే కింద దవడ పళ్లు సహజంగానే నిదానం. పైగా పన్ను పీకి పదిహేనేళ్లు వదిలేస్తే ఆ చోట ఎముక వెడల్పు తగ్గిపోయి సన్నని గట్టులా అవుతుంది. నాలుక పెట్టి చూసుకుంటే నాకే తెలుస్తుంది, అక్కడ చిగురు లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది. రెండు లావు వేర్లున్న దవడ పన్నును పొలం గట్టు మీద ట్రాక్టర్ నడిపినట్టు ఆ సన్న ఎముకలోంచి నడపాలి. నెలకు అర మిల్లీమీటరు వచ్చినా సంతోషించు అంది. ఖాళీ మూడు పుల్లల నుంచి నాలుగైంది ఎందుకంటే, ముందుకు వాలిన పన్నును ముందు నిటారుగా నిలబెట్టాలి, నిలబెడితే దాని తల వెనక్కి పోతుంది, పైకి ఖాళీ పెరిగినట్టే కనిపిస్తుంది. అంటే నేను గొడవ పెట్టుకున్న రోజు పని సరిగ్గానే జరుగుతోంది! ఈ ఒక్క వాక్యం ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే ఆ రిసెప్షన్ అమ్మాయి నా నోట మాటలు పడేది కాదు, పాపం.

పుల్లతో తట్టి వినడం కూడా ఊరికే కాదు. కొన్నిసార్లు, ముఖ్యంగా చిన్నప్పుడు దెబ్బ తగిలిన పళ్లకు, ఆ నారల పొర పోయి వేరు ఎముకతో నేరుగా అతుక్కుపోతుంది. అలాంటి పన్ను ఎంత లాగినా రాదు, తట్టితే వచ్చే చప్పుడే వేరు, ఖంగుమంటుంది. వెయిటింగ్ హాల్లో ఒక బీటెక్ అబ్బాయి పరిచయమయ్యాడు, పదేళ్లప్పుడు సైకిల్ మీద నుంచి పడి ముందు పన్ను ఊడి బయటికొస్తే మళ్లీ పెట్టించారట. "అక్కా, నా పళ్లన్నీ దిగుతున్నాయి, అదొక్కటి పైనే ఉంది" అని చూపించాడు. వైరు దాన్ని లాగలేక పక్క పళ్లనే దాని వైపు లాగుతోందని మేడమ్ వైరును ఆ పన్ను నుంచి తప్పించేసింది. నాది తట్టి చూసి అతుక్కోలేదు, బద్ధకమే అంది. ఆ రోజు ఎంత ఊపిరి పీల్చుకున్నానో. ఇంప్లాంట్ సంగతీ ఇదే. దానికి ఆ పొర ఉండదు, పెట్టిన చోటే ఉంటుంది, క్లిప్పులకు జరగదు. పళ్లు సర్దకముందే ఓనర్ గారి మాట విని ఆ ఖాళీలో ఇంప్లాంట్ వేయించుకుని ఉంటే వాలిన పన్ను దాని పక్కన వాలే ఉండేది, మూసుకోవడానికి ఖాళీయే మిగిలేది కాదు.

మేడమ్ వచ్చాక చేసినవి రెండు. ఊడిపోయే క్లిప్పుల చోట పైపొరను కాస్త గీకి, యాసిడ్ ఎక్కువసేపు ఉంచి మళ్లీ అంటించింది, ఆ తర్వాత పదహారు నెలల్లో ఊడింది ఒక్కటే. రెండోది చిన్న స్క్రూ. దవడ పన్నును ముందుకు లాగాలంటే దేన్నో పట్టుకుని లాగాలి కదా, ముందు పళ్లను పట్టుకుని లాగితే అవి వెనక్కి పోతాయి, తాడు లాగే ఆట లాంటిదే, బరువైనవాడు కదలడు. అందుకని కోర పన్ను వెనక ఎముకలో అగ్గిపుల్ల కంటే సన్నని స్క్రూ దింపి దాని నుంచి లాగింది. పెట్టడానికి మూడు నిమిషాలు, మత్తు సూది తప్ప నొప్పే లేదు. మూడు వారాలకు అది వదులై ఊడి వచ్చింది, పక్కన మళ్లీ పెట్టారు, రెండోసారి నిలిచింది. స్క్రూకు 4 వేలు అదనంగా తీసుకున్నారు. ఇది మొదట చెప్పిన 55 వేలలో లేదు, అక్కడ నాకు మండింది.

నా తప్పులు కూడా రాయాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. పైకీ కిందికీ తగిలించుకునే చిన్న రబ్బర్లు ఇచ్చారు, తినేటప్పుడు, తోముకునేటప్పుడు తప్ప రోజుకు 22 గంటలు పెట్టుకోమన్నారు. ఆఫీసులో మాట్లాడాలంటే నోరు పూర్తిగా తెరుచుకోదు, కాల్‌లో ఉండగా ఒకసారి తెగి ల్యాప్‌టాప్ స్క్రీన్‌కు తగిలింది. దాంతో రాత్రి మాత్రమే పెట్టుకునేదాన్ని. మేడమ్ నోట్లోకి ఒక్కసారి చూసి "పగలు పెట్టట్లేదు కదా" అంది, ఎలా కనిపెట్టిందో ఏమో. పగలంతా వదిలేస్తే రాత్రి చేసిన పని నిలవదట. రెండోది మాత్రలు. వైరు మార్చిన ప్రతిసారీ, పీరియడ్స్ అప్పుడూ నేను ఐబుప్రొఫెన్ ఉన్న నొప్పి మాత్ర వేసుకునేదాన్ని, నెలలో ఐదారు రోజులు. పన్ను నొక్కుకున్నప్పుడు పుట్టే వాపు రసాయనాలే ఎముకను తవ్వించే సంకేతాలు, ఆ మాత్ర వాటినే ఆపుతుంది, ఎప్పుడో ఒకటి వేసుకుంటే ఏం కాదు గానీ అలవాటైతే పళ్ల కదలిక మందగించొచ్చు, పారాసిటమాల్ వేసుకో అంది. ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే కొన్ని మందులు కూడా ఇంతేనట, అమ్మ వాడుతుంది కాబట్టి గుర్తుపెట్టుకున్నాను. మీరు వాడే ప్రతి మందూ మొదటి రోజే చెప్పండి, అడగకపోయినా చెప్పండి.

ఇంకో సంగతి. మధ్యలో ఓనర్ గారు నోట్లో పెట్టుకునే వైబ్రేషన్ మెషిన్ ఒకటి చూపించి, రోజూ ఇరవై నిమిషాలు పెట్టుకుంటే తొందరగా అయిపోతుంది, 18 వేలు అన్నారు. టెంప్ట్ అయ్యాను. మేడమ్‌ను పక్కకు పిలిచి అడిగితే గొంతు తగ్గించి, దానివల్ల పళ్లు తొందరగా జరుగుతాయనడానికి గట్టి ఆధారం లేదమ్మా, ఆ డబ్బులతో నల్లపూసలు చేయించుకో అంది. అదే క్లినిక్‌లో జీతం తీసుకుంటూ అలా చెప్పినందుకు ఆమెకు ఎన్ని స్టార్లైనా ఇస్తాను.

క్లినిక్ మిగతా సంగతులు త్వరగా చెప్పేస్తాను. శుభ్రత బాగుంది, పనిముట్లు సీల్ చేసిన కవర్‌లోంచి మన ముందే తీస్తారు. అపాయింట్‌మెంట్ టైం అనేది పేరుకే, శనివారం నాలుగింటికి రమ్మంటే ఐదున్నరకు పిలుస్తారు, పొద్దున మొదటి స్లాట్ అడగండి. పార్కింగ్ లేదు. రసీదు అడిగితేనే ఇస్తారు. పారదర్శకంగా ఉండే సిరామిక్ క్లిప్పులకు ఎక్కువ డబ్బు కట్టాలనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోండి, క్లిప్పు రంగు మారదు గానీ దాని చుట్టూ వేసే తెల్ల రబ్బరు మామిడికాయ పప్పు తిన్న మధ్యాహ్నానికే పసుపుపచ్చగా అయిపోతుంది. మా కొలీగ్‌కు అయింది. నేను బూడిద రంగు రబ్బర్లు వేయించుకుని హాయిగా ఉన్నాను.

రేటింగ్ అంటే, మేడమ్‌కు 5కి 5, క్లినిక్‌కు 5కి 3. పని చేతకాక కాదు ఆ రెండు కోసింది. నా ఎక్స్‌రేలో మొదటి రోజు నుంచీ ఆ వాలిన పన్నూ ఆ సన్న గట్టూ కనిపిస్తూనే ఉన్నాయి, 30 నెలలు పట్టొచ్చని అప్పుడే చెప్పినా నేను చేయించుకునేదాన్ని. 18 అని చెబితేనే కస్టమర్ కుర్చీ ఎక్కుతుందనుకున్నారు. మీరు వెళ్తే రోజుల లెక్క తర్వాత అడగండి, ముందు "నా నోట్లో ఏ పన్ను అన్నిటికంటే లేటవుతుంది, ఎందుకు" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని చోట అడ్వాన్స్ కట్టకండి.

ప్రస్తుతం రిటైనర్, అంటే పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచేది, పెట్టుకుంటున్నాను. చిగుళ్లలోని నారలు పాత జాగా మర్చిపోవడానికి ఏడాది దాకా పడుతుందట, అప్పటిదాకా అవి పళ్లను వెనక్కి గుంజుతూనే ఉంటాయి, కాబట్టి మొదట్లో రోజంతా, తర్వాత రాత్రుళ్లు చాలాకాలం. ఎడమవైపు ఖాళీ ఇంకా ఒక సన్న గీత మిగిలింది, అగ్గిపుల్ల పట్టదు, తోటకూర కాడ మాత్రం పడుతుంది. చివరి రోజు బిల్లు కట్టేటప్పుడు రిటైనర్ పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాకు ఇంకో 250 అన్నారు. వద్దన్నాను. ఇంట్లో నాన్న పాత వక్కపొడి డబ్బా ఉంటే కడిగి చూశాను, సరిగ్గా సరిపోయింది.